పచ్చి అబద్ధానికి ఇంగ్లీషు

తెర మీద వినీల ఏడిస్తే హాల్లో ఆడవాళ్ళు కొంగులు తడుపుకునేవాళ్ళు. ఆ కన్నీళ్ళు వినీలవే గానీ ఏడుపు మాత్రం కరుణాకుమారిది. పరిశ్రమలో ఈ సంగతి ఏ పదిమందికో తెలుసు. ఆ పదిమందీ బయట అనేవాళ్ళు కాదు. అనకూడదని ఎవరూ ఒట్టు పెట్టించుకోలేదు. గొంతిచ్చినవాళ్ళ పేరు తెర మీద వెయ్యాలన్న ఆలోచన ఆ నిర్మాతలకు రాలేదు, అంతే.

కరుణాకుమారిది గుంటూరు జిల్లా ఫిరంగిపురం. పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి పదేళ్ళు అక్కడే ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పింది. భర్త సెబాస్టియన్ కరెంటు ఆఫీసులో గుమాస్తా. ఆయనకు హైదరాబాదు బదిలీ అయి, వెంగళరావు నగర్‌లో కాపురం పెట్టాక ఆమెకు ఇక్కడ ఏ బళ్ళోనూ ఉద్యోగం దొరకలేదు. కాలనీ వార్షికోత్సవంలో మైకు పట్టుకుని కార్యక్రమం నడిపిస్తుంటే ఆమె గొంతు వెనక వీధిలో ఉండే బసవపున్నయ్య చెవిన పడింది. ఆయన ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు. మర్నాడు ఇంటికొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, "అమ్మా, మీ గొంతుకి ఏడవడం వచ్చా?" అని అడిగాడు.

సెబాస్టియన్ పెద్దగా నవ్వేశాడు. కరుణ నవ్వలేదు. "ప్రయత్నిస్తానండీ" అంది.

అది 1988. ఆ ఏడే వినీల రెండో సినిమా వచ్చింది. వినీల అసలు పేరు నాగేశ్వరి, ఊరు పాలకొల్లు. కళ్ళతో ఎంత మాటైనా పలికించగలదు. నోరు విప్పితే మాత్రం గరుకు గొంతు, ఎవరో గొంతులో గుప్పెడు ఇసుక పోసినట్టు. ఆ కళ్ళకి కరుణ గొంతు అతికాక ఇక ఆ పిల్లకు తిరుగు లేకపోయింది. వరసగా అయిదు సినిమాలు ఆడాయి. నాగేశ్వరీ, వాళ్ళమ్మ శేషారత్నమూ శ్రీనగర్ కాలనీలో అద్దె ఇంటి నుంచి జూబ్లీహిల్స్‌లో సొంతింటికి మారారు.

కరుణ ఒకప్పుడు ఇంగ్లీషు టీచరన్న సంగతి శేషారత్నానికి ఎవరు చెప్పారో తెలియదు. ఒకరోజు కారు పంపించింది.

"అమ్మాయికి ఇంగ్లీషు కావాలమ్మా," అంది కూర్చోబెట్టి. "బొంబాయి వాళ్ళొస్తున్నారు, పత్రికల వాళ్ళొస్తున్నారు. ఇది వెరీ నైస్, వెరీ గుడ్ అని రెండు ముక్కలని ఊరుకుంటుంది. నువ్వెలాగూ మనింటి మనిషివే కదా."

ఆ మాట కరుణకు నచ్చింది. వారానికి మూడు రోజులు వెళ్ళడం మొదలుపెట్టింది. బస్సు దిగి, చెక్‌పోస్టు దగ్గర్నుంచి ఎత్తు మీదికి నడిచి వెళ్ళేసరికి ఆయాసం వచ్చేది. చుట్టుపక్కల ఇంకా బండరాళ్ళే. కొత్త ఇళ్ళ పునాదుల కోసం వాటిని పేలుస్తుండేవాళ్ళు. పాఠం మధ్యలో ఢామ్మని మోగితే కిటికీ అద్దాలు గలగలలాడేవి. నాగేశ్వరి చెవులు మూసుకుని, మోత ఆగాక ఆపిన చోటి నుంచే అందుకునేది. చురుకైన పిల్ల. ఏ మాటా రెండోసారి చెప్పించుకునేది కాదు.

"ఐ యామ్ వెరీ వెరీ డిలైటెడ్ టు మీట్ యూ," అంది మొదటివారంలో, సోఫా మీద బాసింపట్టు వేసుకుని.

"వెరీ తీసెయ్."

"రెండూనా?"

"రెండూ. డిలైటెడ్ అన్నావంటేనే ఆనందం అంచుదాకా వచ్చేసినట్టు. నిండిన బిందెలో ఇంకో చెంబుడు పోస్తే ఏమవుతుంది?"

"ఒలికిపోతుంది."

"అదీ. వెరీ కావాలంటే వెరీ హ్యాపీ అను. డిలైటెడే కావాలంటే అబ్సల్యూట్లీ డిలైటెడ్ అను. కోపం వచ్చిందనుకో, వెరీ యాంగ్రీ. ఒళ్ళు మండిపోతోందనుకో, అబ్సల్యూట్లీ ఫ్యూరియస్. వెరీ ఫ్యూరియస్ అనకూడదు."

నాగేశ్వరి మొహం చిట్లించింది. "తెలుగులో ఇన్ని పేచీల్లేవు కదక్కా!"

"ఎందుకు లేవు? చీకటి బాగా ఎక్కువగా ఉంటే ఏమంటావు?"

"కటిక చీకటి."

"అబద్ధమైతే?"

"పచ్చి అబద్ధం."

"కటిక అబద్ధం, పచ్చి చీకటి అనవేం?"

నాగేశ్వరి పగలబడి నవ్వింది. "ఛీ, అలా ఎవరంటారు!"

"ఎందుకనరూ?"

"ఏమో. నోటికి రాదు."

"ఇంగ్లీషువాళ్ళ నోటికీ అంతే. ఏ మాట పక్కన ఏది కూర్చోవాలో వాళ్ళకి పుట్టుకతో తెలుసు. మనం నేర్చుకోవాలి. తప్పుగా కూర్చోబెట్టావనుకో, నీకు పచ్చి చీకటి ఎలా వినపడిందో వాళ్ళకి నీ మాట అలా వినపడుతుంది."

ఆ రోజు నుంచీ నాగేశ్వరికి అదొక ఆటైపోయింది. జడ వేయించుకుంటున్నా, కారులో పోతున్నా ఒక మాట విసిరేది, దాని జోడీ చెప్పమనేది. అట్టర్ దగ్గరికొచ్చేసరికి చప్పట్లు కొట్టింది. "ఇది నాకు తెలుసక్కా! అట్టర్ ఫ్లాప్! మావాళ్ళు పొద్దున లేస్తే అనేదే."

"మరి అట్టర్ హిట్ అని ఎప్పుడైనా అన్నారా?"

ఆలోచించింది. "లేదు. సూపర్ హిట్టంటారు."

"చూశావా, మీవాళ్ళకీ తెలుసు. అట్టర్ మామూలుగా చెడ్డవాటి పక్కనే ఉంటుంది. అట్టర్ నాన్సెన్స్, అట్టర్ ఫెయిల్యూర్. మంచిదైతే, అందులో ఇంకేదీ కలవకుండా అచ్చంగా అదొక్కటే అయితే, షియర్ అంటారు. షియర్ జాయ్. షియర్ లక్. షియర్ హార్డ్ వర్క్."

"మరి పచ్చి అబద్ధం?"

"డౌన్‌రైట్ లై."

"డౌన్‌రైట్," అంది నాగేశ్వరి, ఆ మాటను నోట్లో పెట్టుకుని చప్పరించినట్టు. "డౌన్‌రైట్ లై. బాగుందక్కా. కొట్టినట్టుంది."

ఆ ఏడాదంతా కరుణకు బాగా గడిచింది. పొద్దుట ఆ పిల్లకి ఇంగ్లీషు చెప్పేది, మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్ థియేటర్లో ఆ పిల్ల పెదాలకు తన తెలుగు అతికించేది. మైకు ముందు నిలబడి తెర మీద ఆ మొహం చూస్తుంటే చెల్లెల్ని చూస్తున్నట్టుండేది. నాగేశ్వరి ఊపిరి ఎక్కడ పీలుస్తుందో, కన్నీరు రెప్ప దాటడానికి ముందు పెదవి ఎలా అదురుతుందో ఆమెకు తెలుసు. ఇంట్లోనూ నాగేశ్వరి అక్కా అక్కా అంటూ వెంట తిరిగేది. వెళ్ళేటప్పుడు పనిమనిషి ఎల్లమ్మ చేత జామకాయలో బత్తాయిలో సంచిలో పెట్టించేది. ఎల్లమ్మ అవి పెడుతూ, "మా చిన్నమ్మ నిన్ను సూస్తే జర నవ్వుతదమ్మా. లేకుంటే ఎప్పుడూ పెద్దమ్మకు భయపడుకుంట ఉంటది," అనేది.

1991 చివర్లో ఢిల్లీ నుంచి ఒక ఇంగ్లీషు పత్రిక విలేఖరి వచ్చి వినీలతో మాట్లాడి వెళ్ళాడు. ఆ రోజు కరుణకు థియేటర్లో పని ఉండి వెళ్ళలేకపోయింది. "ఎలా మాట్లాడావు?" అని తర్వాత అడిగితే, "బాగానే మాట్లాడానక్కా" అని నాగేశ్వరి వేరే సంగతిలోకి వెళ్ళిపోయింది. కరుణ పట్టించుకోలేదు.

నెల తిరక్కుండానే సెబాస్టియన్ ఆఫీసు నుంచి వస్తూ ఆ పత్రిక కొనుక్కొచ్చాడు. "నీ శిష్యురాలు రెండు పేజీలు పడింది చూడు!" అంటూ వంటింట్లోకే తెచ్చిచ్చాడు. కరుణ స్టవ్ మంట తగ్గించి, చేతులు తుడుచుకుని పత్రిక తెరిచింది. ముందుగా ఆమె కళ్ళు మధ్యలో ఒక వాక్యం మీద పడ్డాయి. 'మై వాయిస్ ఈజ్ ద రిజల్ట్ ఆఫ్ షియర్ హార్డ్ వర్క్.'

"చూశారా!" అంది భర్తతో. మొహం వెలిగిపోయింది. "వెరీ హార్డ్ వర్క్ అని నీళ్ళు కారిపోయేలా అనలేదు. అట్టర్ అని తప్పూ చెయ్యలేదు. షియర్ అంది. ఎంత చక్కగా అందో చూడండి!"

"ఏం పనిట?" అన్నాడు సెబాస్టియన్.

అప్పుడు కరుణ ఆ వాక్యం మళ్ళీ చదివింది. మై వాయిస్. ఆ పైన విలేఖరి ప్రశ్న ఉంది: మీకు మరొకరు గొంతిస్తారని హైదరాబాదులో అనుకుంటున్నారు, నిజమేనా? దానికి వినీల జవాబు: 'దట్స్ ఎ డౌన్‌రైట్ లై.'

తప్పు పట్టడానికి వీల్లేని ఇంగ్లీషు. పదేళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి కాబట్టి ఆమె మనసు ముందు దానికే మార్కులు వేసింది. మార్కులు వేశాకే అర్థం తలకెక్కింది. స్టవ్ మీద పప్పు అడుగంటిన వాసన సెబాస్టియన్‌కే తెలిసింది. ఆయనే వచ్చి ఆపాడు.

మర్నాడు కరుణ పిలవకుండానే జూబ్లీహిల్స్ వెళ్ళింది. నాగేశ్వరి మేడ మీద గదిలో ఒంటరిగా ఉంది. పత్రిక చూడగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"కోప్పడకక్కా," అంది. "ఢిల్లీలో ఒక సంస్థ ఉంది. ఏటా ఉత్తమ నటికి అవార్డిస్తారు. ఈసారి నా పేరు పరిశీలిస్తున్నారట. సొంత గొంతైతేనే ఇస్తారట. అలా చెప్పమని అమ్మ అంది."

"నేను నీకు ఇంగ్లీషు నేర్పింది ఇందుకా?"

"మరెందుకనుకున్నావు?" నాగేశ్వరి గరుకు గొంతు ఒక్కసారి లేచింది. "నిజం చెప్పుకోవడానికైతే నాకు వచ్చిన ముక్కలే సరిపోయేవి."

నాగేశ్వరి కిందకు కూలబడి, మంచం కోడుకి ఆనుకుని కూర్చుంది.

"నా మొదటి సినిమా అప్పుడేమైందో తెలుసా? మైకు ముందు నిలబెట్టి నాలుగు ముక్కలు చెప్పించారు. నిర్మాత విని, నా ఎదురుగానే, 'పిల్ల మొహం బాగుంది, నోరు మూయించండి' అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అప్పటి నుంచీ మూసుకునే ఉన్నాను. ఫంక్షన్లకి వెళ్తే దణ్ణం పెట్టి కూర్చోవడమే. తెలుగులో నోరు విప్పితే ఈ గొంతెవరిదని అడుగుతారు. ఇంగ్లీషులోనైతే వినీల గొంతు ఎవరూ వినలేదు. అందుకే ఆ భాషలో మాట్లాడగలుగుతున్నాను. నువ్వు నేర్పబట్టే."

ఆమె ఏడుస్తోంది. ఆ ఏడుపులో కరుణకు తెలిసిన ధ్వని ఒక్కటీ లేదు. బొంగురుగా, ఎగుడుదిగుడుగా, దగ్గులాగా ఉంది. జాలి పడకుండా ఉండటం కష్టమైంది.

"అవార్డు తీసుకున్నరోజు స్టేజీ మీద నీ పేరు చెప్తానక్కా. ఒట్టు. అప్పుడు ఎవరూ వెనక్కి తీసుకోలేరు కదా. ఒక్క సాయం చెయ్యి. వచ్చే ఆదివారం ఆ సంస్థ పెద్దమనిషి భోజనానికొస్తున్నాడు. తెలుగాయనే, సత్యనారాయణమూర్తిగారని. నాకు గొంతు పట్టేసిందని చెప్పి ఇంగ్లీషులోనే నాలుగు మాటలు మాట్లాడతాను. నువ్వు పక్కనుంటే ధైర్యంగా ఉంటుంది. అయితే నువ్వు ఆయన ముందు తెలుగు మాట్లాడకూడదు. నీ గొంతు వింటే పోల్చేస్తాడు."

వస్తానని కరుణ ఎందుకంది? ఆ ఒట్టు నమ్మింది కాబట్టి అనుకుంది, ఆ పిల్ల మీద జాలి కొద్దీ అనుకుంది. ఆదివారం పొద్దుట గుడి నుంచి వచ్చి చీర మార్చుకుంటుంటే సెబాస్టియన్, "ఎందుకొచ్చిన గొడవ? ఒంట్లో బాగోలేదని కబురు పంపరాదూ?" అన్నాడు. "పాపం ఆయన అంత దూరం నుంచి వస్తున్నాడు కదా," అంది. తను ఆయన్ని చూడాలనుకుంటోందని, తన గొంతు పోల్చగల మనిషి ఒకడు ఆ ఇంటికి వస్తున్నాడన్న ఊహ వారం రోజులుగా తనను నిలవనివ్వడం లేదని ఆమె ఎవరికీ చెప్పలేదు.

సత్యనారాయణమూర్తి మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని వచ్చాడు. అమలాపురం మనిషి, ముప్ఫై ఏళ్ళు ఢిల్లీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మాటకారి, సరదా మనిషి. వినీల సన్నటి శాలువా మెడకి చుట్టుకుని, గొంతు పట్టుకుని చూపించి, "ఐ యామ్ అబ్సల్యూట్లీ డిలైటెడ్ టు మీట్ యూ సర్. మై థ్రోట్ ఈజ్ ఎ కంప్లీట్ మెస్," అంది బొంగురుగా. ఆయన మురిసిపోయాడు. "అయ్యో, అసలు మాట్లాడకండమ్మా. ఆ గొంతు మా ఆస్తి," అన్నాడు.

తర్వాత కరుణ వైపు తిరిగాడు. "మీదేవూరమ్మా?"

కరుణ నోరు విప్పేలోపే శేషారత్నం అందుకుంది. "ఆవిడకి తెలుగు రాదండీ. మద్రాసు నుంచి వచ్చింది, ఆంగ్లో ఇండియన్లు. అమ్మాయికి ఇంగ్లీషు చెబుతుంది."

కరుణ నవ్వు మొహం పెట్టుకుని తలూపింది. తెలుగు రాదు. ఫిరంగిపురం గుళ్ళో పదో ఏట నుంచి బైబిలు పఠనాలు చదివిన నోరు, పవిత్ర శుక్రవారం నాడు ఆ చదువు వినడానికే పక్క ఊళ్ళ నుంచి జనం వచ్చే నోరు. ఆయన ఏదో ఇంగ్లీషులో అడిగాడు, ఏదో చెప్పింది. వడ్డన మొదలైంది. గుత్తివంకాయ బాగుందన్నాడు. చేపల పులుసు ఇంకాస్త వేయించుకున్నాడు. ఎల్లమ్మ వడ్డిస్తూ కరుణతో, "ఏందమ్మా, ఏం తింటలేవు?" అంది. కరుణ ఎల్లమ్మకు కూడా జవాబు చెప్పలేకపోయింది. చెయ్యి అడ్డం పెట్టి ఊరుకుంది.

పెరుగన్నం దగ్గర ఆయన సినిమా సంగతి ఎత్తాడు. "అమ్మా, ఆ తండ్రి శవం దగ్గర సీను ఉందే, మా ఆవిడ రెండు రోజులు మనిషి కాలేదు. ఏమంటారక్కడ? నాన్నా, నన్ను పేరు పెట్టి పిలిచేది... కాదు... ఈ ఇంట్లో..." జ్ఞాపకం రాక వేళ్ళు ఆడించాడు. "ఒక్కసారి మీరే అనండమ్మా. గొంతు బాగోకపోయినా ఫర్వాలేదు. మీ నోటి నుంచి వినాలని నా కోరిక."

వినీల మెడ పట్టుకుని తల అడ్డంగా ఊపింది. శేషారత్నం, "డాక్టరు వద్దన్నాడండీ," అంది. ఆయన, "నిజమే, నిజమే," అంటూనే మళ్ళీ ఆ మాటలు వెతుక్కోసాగాడు. తప్పుగా ఒకసారి, ఇంకా తప్పుగా ఇంకోసారి అన్నాడు. ఆ తప్పు మాటలు కరుణ చెవుల్లో ముళ్ళలా గుచ్చుకున్నాయి.

"నాన్నా," అంది కరుణ. "ఈ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాడివి నువ్వొక్కడివే. రేపట్నుంచి నేనెవర్ని నాన్నా?"

వినీల మొహంలో నెత్తురు లేదు. సత్యనారాయణమూర్తి ముద్ద పట్టుకున్న చెయ్యి విస్తరి మీదే ఉండిపోయింది. ఒక్క క్షణం ఆయన కరుణ కళ్ళలోకి చూశాడు. కరుణ ఎదురుచూసింది. ఇప్పుడు అడుగుతాడు. అడిగితే చెబుతుంది.

"అద్భుతం!" అన్నాడాయన, ఎడంచేత్తో బల్ల చరిచి. "అచ్చం వినీలగారి గొంతు దించేశారే! తెలుగు రాదన్నారూ?"

శేషారత్నానికి ఊపిరి వచ్చింది. "ఆ డైలాగులే బట్టీ పట్టిందండీ. మా అమ్మాయి దగ్గర ఉండి ఉండి ఆ యాసే పట్టేసింది. అదో సరదా ఆవిడకి."

"సరదా కాదండీ," అంది కరుణ తెలుగులో. "అది నా గొంతే."

ఆయన పకపకా నవ్వాడు. "ఇప్పటికి మీదేనమ్మా, ఒప్పుకున్నాం! మిమిక్రీ వాళ్ళంతా ఆ మాటే అంటారు." తర్వాత వినీల వైపు తిరిగి, ఓదారుస్తున్నట్టుగా, "ఎంతైనా అసలు అసలేనండీ. అది ఇంకొకరికి వస్తుందా!" అన్నాడు.

వినీల నవ్వింది. "షి ఈజ్ ఎ పర్ఫెక్ట్ మిమిక్, సర్," అంది. గొంతు వణికింది గానీ మాట తప్పు పోలేదు.

వెళ్ళేటప్పుడు ఆయన అందరికీ నమస్కారం పెట్టాడు. కరుణ దగ్గరికొచ్చేసరికి చేతులు జోడించాడు గానీ చూపు గుమ్మం వైపు ఉంది. ఆయనకు నిజంగా తెలియలేదో, తెలిసి ఢిల్లీ నుంచి ఇంతదూరం వచ్చిన పని చెడగొట్టుకోవడం ఇష్టంలేకపోయిందో కరుణకు ఎన్నడూ తేలలేదు.

కారు కదిలాక శేషారత్నం గుమ్మంలోనే తిరిగి నిలబడింది. "ఉప్పు తిన్న ఇంట్లో నిప్పు పెడతావా అమ్మాయ్? ఇంక రాకు," అంది. నాగేశ్వరి మెట్ల మీద నిలబడి వింటోంది. కరుణ ఆమె వైపు చూసింది. నాగేశ్వరి శాలువా విప్పుకుంటూ పైకి వెళ్ళిపోయింది.

మార్చిలో అవార్డు వచ్చింది. ఢిల్లీ సభలో వినీల ఇంగ్లీషులో మాట్లాడిందని పత్రికల్లో వేశారు. తల్లికి, దర్శకుడికి, నిర్మాతకి, తిరుపతి వెంకన్నకి కృతజ్ఞతలు చెప్పింది. కరుణ పేరు లేదు. ఆ ప్రసంగంలో 'వెరీ డిలైటెడ్' అని ఉంది. అది చూసి కరుణకు తృప్తిగా అనిపించింది. చూశావా, నేను పక్కన లేకపోతే ఇంతే, అనుకుంది. ఆ తృప్తి ఎంత నీచమైనదో ఆమెకు వెంటనే తెలిసింది. తెలిసినా ఆ మధ్యాహ్నమంతా అది పోలేదు.

వినీల తర్వాతి సినిమాకి వేరే అమ్మాయి చేత చెప్పించారు. ఆ సంగతి బసవపున్నయ్యే ఇంటికొచ్చి చెప్పాడు. "కొత్తమ్మాయిని వారం రోజులు కూర్చోబెట్టి మీ పాత రీళ్ళు వినిపించామమ్మా. నా చేత్తో నేనే వినిపించాను," అని తలవంచుకున్నాడు. కరుణ కాఫీ ఇచ్చింది.

ఆ సినిమాకి సెబాస్టియన్‌ని వెంటబెట్టుకుని వెళ్ళింది. జనం గుర్తుపడతారని, ఇది మా వినీల గొంతు కాదని ఎవరో ఒకరు అంటారని ఆశ. ఇంటర్వెల్లో వరండాలో నిలబడి చుట్టూ వింటూ ఉంది. పాటల గురించి మాట్లాడుకున్నారు, హీరో చొక్కాల గురించి మాట్లాడుకున్నారు. రెండో సగంలో వినీల ఏడిస్తే పక్క సీట్లో ఉన్న ముసలావిడ వెక్కివెక్కి ఏడ్చింది. సినిమా వందరోజులు ఆడింది.

"నాకు తేడా తెలిసిందిలే," అన్నాడు సెబాస్టియన్ బస్సులో. ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదు, మొహంలోనే తెలిసిపోయింది. కరుణ కిటికీ వైపు తిరిగింది.

తర్వాత మోతీనగర్‌లో ఒక చిన్న కాన్వెంటులో పాఠాలు చెప్పడానికి కుదిరింది. పిల్లలకు జోడీ మాటలు మాత్రం చెప్పేది కాదు. వెరీ ఫ్యూరియస్ అని రాస్తే దిద్దేది కాదు. అర్థమవుతోందిగా, అనుకునేది. కానీ సాయంత్రాలు గొంతు ఊరుకునేది కాదు. వంట చేస్తూ పాత డైలాగులు పైకి అనుకునేది. ఆ మొహం లేకుండా అవి గాలిలో తేలిపోతున్నట్టుండేవి. గుళ్ళో పఠనాలు చదవమంటే చదివింది. ఫాదర్ మెచ్చుకున్నాడు గానీ ఆమెకే తృప్తి లేదు. చీకటి గదిలో తెర మీద ఒక మనిషి పెదాలు కదుపుతుంటే వాటిలోకి దూరి ఏడవడం అలవాటైన ప్రాణం అది.

అందుకే 1993లో బసవపున్నయ్య మళ్ళీ గుమ్మంలోకి వచ్చి, "బొంబాయి హీరోయినమ్మా, తెలుగు ఒక్క ముక్క రాదు, ఒకసారి వచ్చి చెప్పి చూడండి," అంటే సెబాస్టియన్‌ని అడగను కూడా అడక్కుండా చెప్పులేసుకుంది.

థియేటర్లో నిర్మాత వెంకటరామయ్య ఉన్నాడు. కొత్త మనిషి, నెల్లూరులో రొయ్యల వ్యాపారం చేసి వచ్చాడు. కరుణ గురించి ఆయనకేమీ తెలియదు. బసవపున్నయ్య చెప్పబోతుంటే కరుణే కళ్ళతో వద్దంది.

"చూడమ్మా," అన్నాడాయన, "ఈ పిల్లకి వినీల గొంతులాంటిది కావాలి. జనానికి అదలవాటైపోయింది. ఇంతకుముందు ముగ్గురొచ్చారు, ఎవరూ సరిగ్గా పట్టలేదు. మీకొస్తుందా?"

అద్దం వెనక బసవపున్నయ్య తలెత్తలేదు.

"వస్తుందండీ," అంది కరుణ.

దీపాలు ఆర్పారు. తెర మీద తెల్లటి మొహం ఒకటి పెదాలు కదిపింది. కరుణ ఆ పెదాలు చూసి, ఊపిరి చూసి, ఏడ్చింది. మైకు ముందు ఆ గొంతు విప్పి రెండేళ్ళయింది. వస్తుందో రాదోనని భయపడింది గానీ వచ్చింది.

దీపాలు వెలిగాక వెంకటరామయ్య గడ్డం గోక్కున్నాడు. "దగ్గరగానే ఉందమ్మా. కానీ వినీల ఇంకాస్త నిదానంగా ఏడుస్తుంది. ఆమె సినిమాలు నాలుగు చూడండి, పట్టు దొరుకుతుంది. ఏదీ, ఇంకోసారి."

"అలాగేనండీ," అంది కరుణ. మంచినీళ్ళు ఒక గుక్క తాగి, మైకు దగ్గరికి జరిగి, ఆయన అన్నట్టే నిదానంగా ఏడ్చింది. ఆయన సరేనన్నాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు.